గణిత దినోత్సవానికి తీసుకెళ్లిన మా కుంచం

ఆ రోజుల్లో నాకు పొలం లేదు గానీ, పొలమున్నవాడి నడక మాత్రం ఉండేది. దివిసీమలో మా తాతగారి భూములు నాన్నగారి చేతుల్లోనే కరిగిపోగా, నేను బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారుగా చేరాను. (ఉద్యోగం అనేవాణ్ణి కాను; 'పిల్లలకి నాలుగు ముక్కలు చెబుతున్నా'ననేవాణ్ణి.) ఆ ఏడు గణిత దినోత్సవానికి నిత్యజీవితంలో లెక్కల ఉపయోగం చూపించే వస్తువులు తెమ్మన్నారు, మంచిదానికి బహుమతి కూడా అన్నారు. ముఖ్య అతిథి, ఒకప్పుడు మా పొలం కౌలుకి చేసి, తరవాత దాన్నే కొని రొయ్యల చెరువులు తవ్వించిన పెద్దమనిషి. మేమెవరమో ఆయనకీ ఊరికీ గుర్తుచేయడానికి ఇంతకంటే అదను దొరకదనుకున్నాను. అటక మీది, తాతగారి నాటి ధాన్యం కొలిచే ఇత్తడి కట్ల కుంచం దింపి, చింతపండుతో తోమి పట్టుకెళ్లాను.

వేదిక మీద లెక్కల గురించి కంటే మా వంశం గురించే ఎక్కువ చెప్పాను. కుంచానికి నాలుగు మానికలని చెప్పి, కుంచం నిండా ధాన్యం పోసి, మా స్కూలు ఆయా తన ఇంటినుంచి తెచ్చిన మానికతో తిరిగి కొలవసాగాను. కళ్లంలో మొదటి కొలతని ఒకటి అనరు, లాభం అంటారు. పిల్లలు నాతోపాటు 'లాభం, రెండు, మూడు, నాలుగు' అని హుషారుగా అరిచారు. కుంచం అడుగున ఇంకా ధాన్యం ఉంది. మానిక తప్పన్నాను. స్కూలు పక్కింటినుంచి ఇంకోటి తెప్పించారు. దాంతోనూ మిగిలింది.

ముఖ్య అతిథిగారు మర్యాదగానే అన్నారు: "మానిక తప్పు కాదు చినబాబుగారూ. మీ ఇంట్లో రెండు కుంచాలుండేవి. ఇది మా దగ్గర కొలిచి తీసుకునేదండి. మాకు కొలిచిచ్చేది కాస్త చిన్నది."

"మరి మీరు అడగలేదాండీ?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"అడిగితే మరుసటేడు పొలం ఎవరిస్తారమ్మా?"

సభంతా నవ్వింది. అంతటితో పోలేదు. లెక్కల ఉపయోగం ఇంత బాగా ఇంకే వస్తువూ చూపలేదని మొదటి బహుమతి మా కుంచానికే ఇచ్చారు, ఆయన చేతులమీదుగా. కప్పు అందుకుంటూ, "మా తాతగారు కొలతలో బహు ఉదారులండీ" అన్నాను.

"అవునండీ, తీసుకునేటప్పుడు" అన్నారాయన.

అప్పటి నేను, ఆ కుర్ర మాస్టారు, ఇప్పుడు ఎదురైతే తిట్టాలనిపించదు. తాతగారి ఉదారత గురించి ఆ ఒక్క మాటా అనకపోతే అతనికి ఆ పూట అన్నం సహించేది కాదు, పాపం. (అన్నాక కూడా సహించలేదనుకోండి.)