వాచీ లేని గొలుసు

మా తాతగారికి కంకిపాడు దగ్గర రెండు ఊళ్ల మీద పెత్తనం ఉండేది. డెబ్బైల్లో నేను బెజవాడలో బి.ఏ. చదివేనాటికి మాకు మిగిలినవి గుణదలలో రెండు గదుల అద్దె వాటా, ఆయన జేబు గడియారపు బంగారు గొలుసు. గడియారం ఎప్పుడో చేయి దాటిపోయింది. గొలుసు ఒక కొస చొక్కా గుండీకి తగిలించి, రెండో కొస జేబులో వేసుకుని, మెడ నిటారుగా పెట్టి కాలేజీకి వెళ్లేవాణ్ణి. జేబు బరువుగా కనబడాలని ఆ కొసకు ట్రంకుపెట్టె తాళంచెవి కట్టాను.

మా పొలాల్లో సగం కొన్నాయన కొడుకు నా పక్కనే కూర్చునేవాడు.

"దొరవారూ, టైమెంతండీ?" అనేవాడు రోజూ.

కిటికీ నీడనో, కాలేజీ వెనక వెళ్లే రైళ్లనో బట్టి చెప్పేవాణ్ణి. ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ ఏడాది ఇంగ్లీషు మేడం మాకు సిమిలీ, మెటఫర్, ఐరనీ లాంటి అలంకారాలు నేర్పారు. కవి ఏం చెప్పాడో తర్వాత, ముందు ఎలా చెప్పాడో పట్టుకోమనేవారు. ఒక శనివారం, గంట కొట్టే బంట్రోతు ఇంటికి వెళ్లిపోయాక, రెండింటికి పరీక్ష పెట్టారు. ఆమె వాచీ ఆగిపోయింది. చేతికి వాచీ ఉన్న ఇద్దరూ మ్యాట్నీకి పోయారు.

"ఏమయ్యా, నీకు వాచీ ఉందిగా. ముప్పావుగంట కాగానే చెప్పు."

బయట మబ్బు, నీడ లేదు. రెండూముప్పావుకు వెళ్లే పాసింజరు మీదే భారం వేశాను. చెవి రైలుపట్టాల వైపు పెట్టడంతో కలం సాగలేదు. బండి రాలేదు. చాలామంది రాసేసి గోళ్లు గిల్లుకుంటున్నారు.

"ఇంకాస్త లాగండి దొరవారూ, మెటఫర్ గుర్తొచ్చేలా ఉంది," అన్నాడు పక్కవాడు.

చివరికి మేడం నా బల్ల దగ్గరకొచ్చి చెయ్యి చాపారు.

"ఏదీ, చూపించు."

గొలుసు లాగాను. తాళంచెవి బయటికొచ్చి ఊగింది. పక్కవాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. మేడం నవ్వలేదు. నా కాగితం మీద వేలు పెట్టారు.

"అనుకున్నదానికి ఎదురు జరిగితే ఐరనీ అని చెప్పాను కదా. సొంత ఉదాహరణ రాయమంటే ఖాళీగా వదిలావేం? రాయి."

రాశాను, తల వంచకుండా. ఆ ప్రశ్నకు క్లాసులో పూర్తి మార్కులు నాకొక్కడికే.

సోమవారం పక్కవాడు అందరికీ వినబడేలా అడిగాడు.

"దొరవారూ, టైమెంతండీ?"

నేను తొణక్కుండా గొలుసు లాగి, తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాను.

"పదకొండుంపావు," అన్నాను.

వాడు ఆ రోజే పెట్టుకొచ్చిన కొత్త వాచీ చూసుకుని, ముల్లు రెండు నిమిషాలు ముందుకు తిప్పుకున్నాడు.