లోతు దిక్కు

పసిబిడ్డను ఎత్తుకున్నవాళ్ల పక్కన నడిచేటప్పుడు నేను రోడ్డు వైపుకు మారతాను. ఈ అలవాటు నాకు వనపర్తి బస్సులో అంటుకుంది.

కోడేరులో ఒకామె చంకన నెలల పిల్లతో ఎక్కి నా పక్కన కూర్చుంది. నేను ఫోన్‌లో హంప్‌బ్యాక్ తిమింగలాల వీడియో చూస్తున్నాను. ఆమె కూడా మెడ సాచి చూసింది.

"గా పెద్దది తల్లా అక్కా? నడి సముద్రం ఇడిసి ఒడ్డు పొంటి ఎందుకు పోతుంది?"

"తిండి కోసమేమో," అన్నాను, అంతా తెలిసినదానిలా.

"తిండికి కాదక్కా. పిల్ల జర దమ్ము తీసుకోవాలె గద. లోతుల యాడ ఆగుతది?"

ఆమె మాటే నిజమైంది. చల్లటి సముద్రాలకు వలస పోయే దారిపొడుగునా తల్లి దాదాపు తినకుండానే పిల్లకు పాలు ఇస్తుందని, మిగతావన్నీ వెళ్లిపోయాక పసిపిల్లల తల్లులే చివరగా బయలుదేరతాయని వీడియోలో చెప్పారు. తెర మీద పిల్ల ఒడ్డు వైపు, తల్లి దానికి అడ్డుగా లోతు వైపు ఈదుతున్నాయి.

ఆమె నవ్వింది. "నేను గూడ గంతే. మా మేస్త్రి ఎంబడి గుంపంతా పనికి పోయి నెలయింది. పిల్లకు మెడ నిలవాలె గద, గందుకే ఇప్పుడు పోతున్న."

వనపర్తిలో ఇద్దరం దిగాం. బస్టాండు బయట లారీలు మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి. ఆమె పిల్లను కుడి భుజం మీంచి ఎడమ భుజానికి, గోడ వైపుకు మార్చుకుంది. నేను ఆమెకు కుడి పక్కకు, లారీల వైపుకు వచ్చి నడిచాను.

ఆమె నన్ను చూసి మళ్లీ నవ్వింది.

"లోతు దిక్కు నువ్వొచ్చినవా అక్కా!"