మా నాయిన ప్రూఫ్ బిళ్ళ

మా నాయిన ఏ వస్తువునీ మామూలుగా చూసేవాడు కాదు, తనిఖీ చేసేవాడు. పటాన్‌చెరు దగ్గర ఓ ఫ్యాక్టరీలో ఆయనది ఇన్‌స్పెక్షన్ పని. వెంట్రుకంత గీత పడ్డ మిషన్ ముక్కను కూడా పక్కన పెట్టేవాడు. ఇంట్లో అమ్మ తరిగిన ఉల్లిగడ్డలకు సైతం వంకలు పెట్టేవాడు. డెబ్బయ్యో దశకంలో ఆ పక్కనే చిట్కుల్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. నాకప్పుడు పదేళ్ళు.

బొంబాయికి బదిలీ అయి వెళ్ళిపోతూ ఒక సూపర్‌వైజర్ ఆయనకు ప్లాస్టిక్ డబ్బీలో ఆఠాణా బిళ్ళ ఇచ్చాడు. అర్ధరూపాయికి డబ్బీ ఏమిటని నేను నవ్వాను. నాయినకు కోపం వచ్చింది.

"నవ్వకు. గిది ఖర్చువెట్టేటిది కాదు, దాసుకునేటోళ్ళ కోసం టంకశాలల వేరేగ కొట్టిన ప్రూఫ్ బిళ్ళ. జెర మంచిగ సూడు," అన్నాడు.

అప్పట్నుంచి ఆదివారం పొద్దున, చర్చికి బయల్దేరే ముందు, నాకు పరీక్ష. చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర రుమాలు పరిచి, ప్రూఫ్ బిళ్ళ పక్కన ఓ కొత్త ఆఠాణా పెట్టేవాడు. రెండూ తళతళలాడేవి. మెరుపును నమ్మొద్దనేవాడు. కొత్త బిళ్ళను వాల్చి తిప్పితే వెలుగు దానిమీద చక్రంలా తిరుగుతుంది. ప్రూఫ్ బిళ్ళలో వెలుగు తిరగదు, అద్దంలో చూసుకున్నట్టు మన మొహమే కనిపిస్తుంది. సింహాలు మాత్రం ముగ్గుపిండి అద్దినట్టు తెల్లగా పైకి లేచి ఉంటాయి. అచ్చుకు మెరుగుపెట్టి ఒకటికి రెండుసార్లు కొడతారట, అందుకే అక్షరాలకూ అంచుకూ అంత పదును.

"అంచులు వట్టుకో. బిళ్ళ మొహం మీద వేలు వెట్టినవంటే ఆ మరక ఇగ పోదు," అనేవాడు.

పరీక్షయ్యాక ప్రూఫ్ బిళ్ళ డబ్బీలోకి, రెండోది కానుక సంచిలో వేయడానికి నా పిడికిట్లోకి.

ఒక ఆదివారం చర్చిలో పాట పాడుతుంటే పిడికిట్లో బిళ్ళ అంచు గుచ్చుకుంది. విప్పి చూస్తే దాంట్లో నా కన్ను కనిపించింది. నాయిన రెండూ తారుమారు చేశాడు. ఎన్నాళ్ళకు దొరికాడని ముందు సంబరపడ్డాను, ఇంటికెళ్ళి ఏడిపించాలనుకున్నాను. ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. నెలరోజులుగా ఆయన పేపరు నాతో చదివించుకుంటున్నాడు. ఫ్యాక్టరీలో కళ్ళ పరీక్ష ఉందని, తప్పితే ఇన్‌స్పెక్షన్‌లో ఉంచరని అమ్మతో అంటుంటే విన్నాను. ఆ పనంటే ఆయనకు ప్రాణం.

కానుక సంచి నా ముందుకొస్తే వట్టి చేయి పెట్టి తీశాను. దేవుడు చూస్తాడని తెలుసు. చూస్తే చూడనీ అనుకున్నాను.

ఇంటికొచ్చి, ఎవరూ లేరని చూసుకుని డబ్బీ తెరిచి బిళ్ళలు మారుస్తుంటే నాయిన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏంది బిడ్డా, ఏం జేస్తున్నవ్?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన తనిఖీకి నిలిచేది కాదు.

"డబ్బీల ఉన్నది ప్రూఫ్ బిళ్ళ కాదు నాయినా. నాకిచ్చినవ్ గదా, అది."

రెండు బిళ్ళలూ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వాల్చాడు, తిప్పాడు, కళ్ళు నులుముకుని మళ్ళీ తిప్పాడు. నాకు ఏడుపొచ్చింది. చివరికి కళ్ళు మూసుకున్నాడు. ఎన్నడూ ముట్టొద్దన్న మొహం మీద బొటనవేలు ఆనించి నిమిరాడు, అంచు చుట్టూ గోరు తిప్పాడు. కుడిచేతిలోది నాకిచ్చాడు.

"గిదే గదా?"

అదే.

"రేపు ఫ్యాక్టరీల నేనే పోయి చెప్త," అన్నాడు. "నా కండ్లకు తప్పిన ముక్క ఏ మిషన్ల పడ్తదో, ఎవని చెయ్యి పోతదో."

చెప్పాడు. స్టోర్సులోకి మార్చారు. ఆదివారం పరీక్ష మళ్ళీ పెట్టలేదు.

ఆయన పోయిన చాలా ఏళ్ళకు ఆ డబ్బీ పగిలింది. కొత్తది దొరుకుతుందేమోనని నాణేలు అమ్మే ఒకతని దగ్గరికి వెళ్ళాను. అతను భూతద్దం పెట్టి చూసి, బిళ్ళ మంచిదే గానీ ఎవరో వేలిముద్ర వేసి పాడుచేశారన్నాడు.

"మందు పెట్టి తుడిస్తే కొద్దిగ పోతదమ్మా," అంటూ దూది తీశాడు.

మా నాయిన చేయి నాకు మిగిలింది ఆ మరక మేరకే. అతని చేతిలోంచి బిళ్ళ గుంజుకున్నాను. మర్యాద కాదని తెలుసు. అయినా అంచులు పట్టుకునే గుంజుకున్నాను.