ఇటుక పొడితో తోమిన బేరింగులు

కరీంనగర్‌లో మా ఇంటి వెనక సందులో ఒక పాత మెకానిక్ షెడ్డు ఉంది. కూరగాయలకని అటు పోయినప్పుడల్లా, రేకు డబ్బాలో నానుతున్న ఇనప సామాన్ల మీంచి కిరోసిన్ వాసన వస్తుంది, నా అడుగులు వాటంతటవే తొందరపడతాయి. నేను పుట్టు పిరికిదాన్ని, అందులో దాపరికమేమీ లేదు. అయితే ఈ భయానికి మాత్రం ఒక ఊరూ, ఒక పండుగా ఉన్నాయి.

ఆ ఊరు ఖానాపూర్. మా బాపుకు ఒక పాత తెల్ల కారు ఉండేది. అక్షరాభ్యాసానికి బాసర పోయే పిల్లలనూ, దుబాయి ప్రయాణమై వాడకట్టునంతా ఏడిపించి పోయేవాళ్లనూ అందులోనే ఎక్కించుకుపోయేవాడు. అంతకుముందు ఏళ్ల తరబడి లారీ తోలినందుకు ఆయన చెవులు మందగించాయి. అందుకని బడి లేనినాడు నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, "సప్పుడు మారితే జెప్పు బిడ్డా, నా చెవులు నువ్వే" అనేవాడు. నేను కిటికీలోంచి టేకు చెట్లను చూస్తూ, నోట్లో పిప్పరమెంటు చప్పరిస్తూ, ఇంజన్ పాటను వింటూ ఉండేదాన్ని. అంత గొప్ప ఉద్యోగం నాకు మళ్లీ దొరకలేదు.

ఆ ఏడు వానలు వెనకపట్టి, గట్ల మీద తంగేడు విరగబూసి, ఇంటింటా బతుకమ్మను పేర్చే గునుగు పూలకు రంగులద్దుతున్న రోజుల్లో మా అక్క తొలిచూలు కాన్పుకు ఇంటికొచ్చింది. సరిగ్గా అప్పుడే కారు నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. అక్కకు అవసరం పడితే ఊళ్లో వేళకు దొరికే బండి అదొక్కటే. బాపు ఆగమాగమై మెకానిక్ రహీం చాచాను పిలిపించాడు. చాచా మా అరుగు మీద గోనెపట్టాలు పరిచి ఇంజన్ మొత్తం విప్పేశాడు. సత్తుపిండి దంచిన వాసనలో కిరోసిన్ వాసన కలిసిపోయింది.

అన్నిటికంటే నాకు నచ్చినవి బేరింగులు. విరిగిన సగం గాజుల్లా పల్చగా, బూడిదరంగులో ఉండేవి. ఇంజన్‌లో తిరిగే పెద్ద ఇరుసు, క్రాంకు అంటారు, ఆ మెత్తటి లోహం మీదే నూనె పొరతో జారుతూ తిరుగుతుంది. చాచా ఒక్కోదాని మీద బొటనవేలి గోరు గీసి చూశాడు. ఎక్కడా గోరు పట్టలేదు, అంటే గీత పడలేదన్నమాట.

"కొత్తవి అక్కర్లేదన్నా, గివే ఏద్దాం. కానీ దేని జాగల అదే కూసోవాలె. తారుమారు కావొద్దు" అని వాటిని తాంబాళంలో వరస తప్పకుండా పేర్చి, పండుగ చేసుకుని వస్తానని పోయాడు.

దసరా నాడు ఆయుధపూజ. మా నాయనమ్మకు ఆ పూజంటే ప్రాణం. గొడ్డలి, కొడవలి, గడ్డపార, కత్తిపీట, ఇంట్లో ఇనుమన్నది ఏదున్నా తానే తోమాలి, ఎవరినీ ముట్టనివ్వదు. ఆ పొద్దున తాంబాళం కూడా బావి దగ్గరికి తీసుకుపోయి, చింతపండూ ఇటుక పొడీ వేసి బేరింగులన్నిటినీ తళతళ మెరిసేదాకా తోమింది. కడిగి, ఆరబెట్టి, పూలరేకుల్లా గుండ్రంగా పేర్చి, ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టింది. చూసి మేమంతా మురిసిపోయాం.

మధ్యాహ్నమే అలయ్ బలయ్ అని కౌగిలించుకోవడానికి వచ్చిన చాచా ఆ తాంబాళం చూసి నవ్వు ఆపేశాడు. బేరింగుల నిండా సన్నటి గీతలు. గోరు ప్రతిచోటా పట్టింది. ఏది ఎక్కడిదో పోల్చుకునే దారి లేదు.

"అన్నా, గివి పనికిరావు. కొత్తవి తేవాలె" అని చాచా బాపు చెవి దగ్గర అన్నాడు.

"పండుగ పూట కరీంనగర్ల దుకాణమెవడు తెరుస్తడు? పిల్లకు నెలలు నిండినయ్. గిప్పటికి గివే ఎయ్ భాయ్, మెల్లగ తోల్త."

"సప్పుడొస్తే మాత్రం తొక్కకు. తొక్కినవా, క్రాంకు పట్టేస్తది. బండి ఆడనే ఆగుతది."

నాయనమ్మ వాకిట్లోనే ఉంది. ఆ మాటలు ఆమెకు వినబడలేదు, నాకు వినబడ్డాయి. చాచా చీకటి పడేలోగా ఇంజన్ బిగించి, మొహం దించుకుని పోయాడు.

తెల్లారేసరికి అక్కకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, వెంటనే కరీంనగర్ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని నర్సు చెప్పింది. వెనక సీట్లో మమ్మల్ని కన్న మా అవ్వ ఒళ్లో అక్క తల, నాయనమ్మ ఒళ్లో అక్క కాళ్లు. ముందు నేను. నాకు టేకు చెట్లూ కనబడలేదు, పిప్పరమెంటూ గుర్తురాలేదు. ఒళ్లంతా చెవులై కూర్చున్నాను. గోదావరి వంతెన దాటేదాకా ఏమీ లేదు. ఆ తర్వాత ఎత్తెక్కేటప్పుడు, లోపల ఎవరో సుత్తితో మెల్లగా తట్టినట్టు, టక్... టక్...

"బాపూ, కొడ్తుంది."

ఆయన నా వైపు చూడలేదు, కాలు మాత్రం పైకి తీశాడు. కారు ఎడ్లబండిలా నడిచింది. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. అక్క పెదవి కొరుక్కుని, "బాపూ, జల్ది తోలే, నేను సచ్చిపోత" అని ఏడ్చింది. మా అవ్వ అంతవరకూ బాపును ఒక్క మాట అని ఎరగదు, ఆనాడు అరిచింది.

"నీకు పాణమున్నదా లేదా? కన్నబిడ్డ గిట్ల కొట్టుకుంటుంటే జర తొక్కవేంది?"

ఎందుకు తొక్కడంలేదో ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చెబితే తాను తోమినందుకేనని నాయనమ్మకు తెలుస్తుంది. ఆమె అక్క కాళ్లు పిసుకుతూ, "ఏం గాదు బిడ్డా, పూజ జేసిన బండి" అంటోంది. బాపు స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకుని, ఎదురుగా చూస్తూ, కళ్లవెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా అదే నడకన తోలాడు. టక్కుమన్నప్పుడల్లా నేను ఆయన మోకాలి మీద వేలితో తట్టేదాన్ని, ఆయన ఇంకాస్త తగ్గించేవాడు. ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని భయం, ఆగకపోతే ఏమవుతుందోనని భయం.

చేరాం. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు, తల్లీ పిల్లా దక్కారు. మర్నాడు చాచా బస్సులో వచ్చి, దుకాణం తెరిపించి కొత్త బేరింగులు కొని, ఓ షెడ్డులో ఇంజన్ విప్పాడు. పాతవి అడుగున ఉన్న రాగి పొర తేలేదాకా అరిగిపోయాయి. బాపు వాటిని తువాలులో మూటగట్టి ఎక్కడ పారేశాడో తెలియదు.

"నేను తోమి బొట్టువెట్టినంకనే గదరా, బండి ఆగకుంట వచ్చింది" అంది నాయనమ్మ.

"నీ పూజనే అవ్వా" అన్నాడు బాపు.

బతికినన్నాళ్లూ ఆమె ఆ మాట ఊరంతా చెప్పుకుంది. మా అవ్వ ఆ రోజు అన్న మాటకు బాపు ఎన్నడూ జవాబు చెప్పలేదు. వాళ్లెవరూ ఇప్పుడు లేరు. అరుగు మీద ఇంజన్ పరిచేవాళ్లూ, గోరుతో గీసి చూసేవాళ్లూ లేరు.

మొన్న అక్క కూతురు కొత్త కారు కొన్నది, కరెంటుతో, చప్పుడు లేకుండా నడిచేది. నన్ను బాసర తీసుకుపోయింది. గోదావరి దగ్గరపడుతుంటే నా మొహం చూసి బండి పక్కకు ఆపింది.

"ఏమైంది చిన్నమ్మా, గట్ల బిగుసుకపోయినవ్?"

"ఏం ఇనబడ్తలేదు బిడ్డా" అన్నాను. "జర మెల్లగ తోలు."