ఇంటిపేరు అడిగాను

ఐదో తరగతి చదివే మా అమ్మాయిని సైన్స్ ప్రాజెక్టులో ఎవరూ తమ జట్టులో చేర్చుకోలేదు. చేర్చుకోకపోతే పోనీ, పక్క బల్ల పిల్ల ముక్కు మూసుకుని, "మీ ఇండియన్స్ దగ్గర ఒకటే నూనె వాసన" అందట. ఈ సంగతి నాకు చెప్పడానికి మా అమ్మాయికి నాలుగు రోజులు పట్టింది. విన్నాక నాకు కాలు నిలవలేదు. సింగపూర్‌లో చోవా చూ కాంగ్ పేటలో మా ఫ్లాట్ హాలు పట్టుమని పదడుగులుండదు. ఆ సాయంత్రం దాన్ని ఎన్నిసార్లు కొలిచానో!

నేను మెసేజ్ పెడితే క్లాస్ టీచర్ నన్నూ పిల్లనూ రమ్మన్నారు. శుక్రవారం క్లాసులో జాతి గురించి, సమానత్వం గురించి పిల్లలతో మాట్లాడతారట. మా అమ్మాయి ఒప్పుకుంటేనే ఈ సంగతి ఎత్తుతారట. నా దిగులంతా అదే. పిల్ల నోరు విప్పుతుందా? ఇప్పుడు మింగేస్తే జీవితమంతా మింగుతూనే ఉంటుందని నా భయం. బ్యాంకులో ఏ మీటింగుకీ అంతగా తయారవలేదు. ట్రైన్‌లో నాలో నేనే వాదించుకుంటుంటే ఎదుటి సీటావిడ లేచి వేరే చోటికి వెళ్లిపోయింది.

తీరా వెళితే నా ఉపన్యాసం అవసరమే పడలేదు. టీచర్ నెమ్మదిగా అడిగారు, పిల్ల "నేనే చెప్తాను" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. "భయం లేదుగా తల్లీ?" అన్నాను తెలుగులో.

"భయమెందుకమ్మా, నేనుంటాను కదా" అన్నారు టీచర్, తెలుగులోనే!

పేరు చూసి తమిళావిడ అనుకున్నాను. "మీరు తెలుగువారా!"

"మా తాత విశాఖపట్నం దగ్గర్నుంచి ఓడెక్కి వచ్చేరు సార్. ఇంట్లో కొంచెం కొంచెం మాట్లాడతాం."

"ఏ ఊరండీ? మీ ఇంటిపేరేమిటి?"

నోట్లోంచి వచ్చేసింది. తెలుగువాళ్లు ఎదురుపడితే మనం మొదట అడిగేది అదే. ఊరు తెలిస్తే జిల్లా తెలుస్తుంది, ఇంటిపేరు తెలిస్తే మిగతాది. ఆ మిగతాదాన్ని మాత్రం పేరు పెట్టి అడగం, మర్యాదస్తులం కదా.

టీచర్ ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్లలో లేదు. "ఇంటిపేరు లేదు సార్. ఎవరో ఒకరు అడుగుతారనే మా తాత దాన్ని ఊళ్లో వదిలేసి వచ్చేరు."

ఇంటికి నడుస్తుంటే అమ్మాయి అడిగింది. "నాన్నా, వై యూ ఆస్క్ దట్? తెలిస్తే ఏం చేసేవాడివి?"

"ఊరికే తల్లీ. అలవాటు."

అలవాటులో పొరపాటు అంటారు గానీ, అబద్ధమెందుకు, జవాబు నాకు తెలుసు. ఆవిణ్ణి ఏ మెట్టు మీద నిలబెట్టాలో చూసుకుని, ఆ లెక్కన నవ్వు పెంచేవాణ్ణో తగ్గించేవాణ్ణో. గురివింద గింజ కథే నాది. సిగ్గేసింది. సిగ్గుకంటే ముందు పిల్ల మీద కోపమొచ్చింది. "పెద్దవాళ్ల మాటలు నీకెందుకు?" అని కసిరాను. అది నా చెయ్యి వదిలించుకుని ముందు నడిచింది.

శుక్రవారం ఆఫీసులో పని సాగలేదు. పిల్ల చెప్పగలదా అని ఒక బెంగ, టీచర్ ముఖం గుర్తొచ్చి ఇంకొకటి. ఆవిడకు మూడుసార్లు మెసేజ్ మొదలుపెట్టాను. 'నా ఉద్దేశం అది కాదు' అని రాయడం, చెరిపేయడం. ఉద్దేశం అదే మరి. మధ్యాహ్నానికే సెలవు పెట్టి స్కూలు గేటు దగ్గర నిలబడ్డాను.

"చెప్పావా?" అన్నాను పిల్ల కనబడగానే.

"చెప్పా. అందరి ముందూ. ఆ అమ్మాయి ఏడ్చింది. తర్వాత సారీ చెప్పింది."

"శభాష్!" అని దగ్గరికి తీసుకోబోయాను. అది బ్యాగును మా ఇద్దరి మధ్యా పట్టుకుని నిలబడింది.

"షీ ఈజ్ ఓన్లీ టెన్, నాన్నా. అయినా సారీ చెప్పింది. టీచర్ ఇంకా లోపలే ఉన్నారు."