ఉడుముకు నేను వేసిన కుట్లు

ఆ రోజుల్లో నౌకరీ దొరికితే చాలు, పని దానంతట అదే వచ్చేస్తుందని అనుకునేవాళ్లం. నేనైతే కాస్త గట్టిగానే అనుకున్నాను. చెన్నూరు పశువుల దవాఖానలో కంపౌండరుగా చేరేనాటికి నాకు ఇరవయ్యేళ్లు. డాక్టరుగారు ఊళ్ల మీద క్యాంపుకు వెళ్లినప్పుడల్లా ఆయన కుర్చీలో కూర్చుని, ఎవరూ చూడకుండా కాలు మీద కాలు వేసుకునేవాణ్ని. (చూశానని చప్రాసి తర్వాత చెప్పాడు.)

అలా కూర్చున్న ఒక పొద్దున, ఊరంతా ఉడుమవ్వ అని పిలిచే ముసలామె గుడ్డ కప్పిన చాటతో వచ్చింది. "డాక్టర్ సారూ, జర మా పోరన్ని చూడు. కుక్క కరిచింది" అంది. మనుషుల దవాఖాన వేరే ఉందని చెప్పబోతూ గుడ్డ తీశాను. మూరెడు ఉడుము! పక్కటెముకల మీద చర్మం చీలి, కళ్లు సగం మూతలు పడి ఉన్నాయి. నేను బల్ల వెనక్కి ఎప్పుడు చేరానో నాకే తెలియదు.

"గింతప్పుడు పొలంల దొరికింది సారూ. మూడేండ్ల సంది నాతోనే ఉన్నది. బతుకుతదా?" అంటూ చాటను నా ముందుకు జరిపింది. డాక్టర్ని కాదని చెప్పాల్సిన చోట, "బతుకుతది అవ్వా" అనేశాను.

చప్రాసి కళ్లు మూసుకుని తోక పట్టుకున్నాడు. గాయం ఎర్రమందు నీళ్లతో కడిగి, సూది మరిగించి ఏడు కుట్లు వేశాను. కట్టు కట్టి, కోళ్లగంప కింద పెట్టి నా గదిలోనే ఉంచుకున్నాను. అవ్వ రోజూ పచ్చి గుడ్డు తెచ్చేది. మూడు రోజులు అది ముట్టలేదు. నాకూ ముద్ద దిగలేదు. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. (ఉడుము కోసం మొక్కితే ఆయన వింటాడో లేదో అడగడానికి ఎవరూ దొరకలేదు.) నాలుగో రోజు నా వేలి మీది గుడ్డు సొనను నాలుకతో తాకింది. సంబరం పట్టలేక ఎత్తుకున్నాను. అది చొక్కాను పట్టేసింది. లాగితే చొక్కా వస్తోంది, ఉడుము రావడం లేదు.

సరిగ్గా అప్పుడే డాక్టరుగారు దిగారు.

"గిదేందయ్యా?"

"పేషెంటు సార్."

ఆయన కళ్లద్దాలు సవరించుకుని, కట్టు అంచు ఎత్తి చూశారు. "కుట్లు మంచిగనే పడ్డయ్. గని కట్టుల ఎనక కాలు గూడ కలిపి కట్టినవ్. గిదెట్ల నడుస్తది?" అంటూ తనే విప్పి మళ్లీ కట్టారు.

అవ్వ వచ్చాక, నేను డాక్టర్ని కాదని తలొంచుకుని చెప్పాను. ఆమె పకపకా నవ్వింది. "నాకెరికే బిడ్డా. డాక్టరైతే చేతులు గట్ల వణుకుతయా? పెద్దసారుంటే ఎల్లగొడుతడని, ఆయన లేనప్పుడు జూసి వచ్చిన."

కుట్లు విప్పిన రోజు ఉడుము గోడవారగా ఎండలోకి నడిచిపోయింది. మా ఇద్దరి వంకా చూడనైనా లేదు. ఆ సంబరంలో సుల్తానాబాద్‌లో ఉన్న మా బాపుకు ఉత్తరం రాశాను. ఉడుమని రాయడానికి సిగ్గేసి, 'చావుబతుకుల్లో ఉన్న ఒక ప్రాణిని కాపాడాను' అని రాశాను. బాపు ఆ ఉత్తరం ఊళ్లో ఎంతమందికి చదివి వినిపించాడో గానీ, సెలవుకు వెళ్లేసరికి మా అరుగు మీద నలుగురు దగ్గుతూ కూర్చున్నారు. "మా వాడు వచ్చిండు, ఇగ ఫికర్ లేదు" అని బాపు వాళ్లకు చెబుతున్నాడు. మెడలో తువ్వాలుతో మురిసిపోతున్న ఆయన్ని, పక్కన నిలబడి చెమటలు తుడుచుకుంటున్న ఆ కుర్ర కంపౌండర్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడు కొంచెం ముద్దొస్తాడు కూడా.