తులాభారం దగ్గర ఆగిన తనిఖీ

2014లో నన్ను క్రైస్ట్‌చర్చ్ ఆఫీసుకు వేశారు. హోదా తూనికలు కొలతల అధికారి. న్యూజిలాండ్ రాకముందు అనంతపురంలోనూ ఇదే ఉద్యోగం చేశాను కనుక, తక్కెడ కనిపిస్తే చాలు, దాని మీద ముద్ర ఎక్కడుందా అని నా కళ్లు వెతుకుతాయి. పెళ్లిళ్లలో వంటవాళ్ల కాటాను కూడా వదిలేవాణ్ని కాదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇక్కడ రాష్ట్రాలు లేవు, దేశమంతటికీ ఒకటే శాఖ. వ్యాపారంలో వాడే ప్రతి తూనిక యంత్రమూ ఆమోదం పొందిన రకమై ఉండాలి, దాని మీద తనిఖీ ముద్ర ఉండాలి. లేకపోతే వాడకూడదని నిషేధపు చీటీ అంటించే అధికారం మాకుంది. వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ, వ్యాపారం లేనిచోట ఆ అధికారమూ లేదు. ఇంట్లో పిండి తూచుకునే కాటా జోలికి మేం పోలేం.

ఆ శీతాకాలంలో ఒక ఫిర్యాదు వచ్చింది. ఊళ్లోనే రిక్కార్టన్ పేటలో ఒక ఇండియన్ షాపు వెనక గదిలో ముద్ర లేని పెద్ద తక్కెడ వేలాడుతోందనీ, ఒక పళ్లెంలో పిల్లవాణ్ని కూర్చోబెట్టి ఏదో అమ్మబోతున్నారనీ దాని సారాంశం. పిల్లవాణ్నే అమ్ముతున్నారేమోనని కూడా ఫోన్ చేసినాయన అనుమానపడ్డాడట. మా పై అధికారి గ్రాహం నవ్వాపుకుంటూ ఫైలు నాకిచ్చి, ఇది నీకు తప్ప ఎవరికీ అర్థం కాదన్నాడు.

షాపు సుభాషిణిది. అనంతపురం నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే సెటిల్ అయిన అమ్మాయి. నన్ను చూడగానే సంగతి గ్రహించింది.

"అది తులాభారానికి అంకుల్. పూజలు చేసుకునే హాలు మూడేండ్ల కిందటి భూకంపం తర్వాత ఇంకా రిపేర్‌లోనే ఉంది కదా. మా గోడౌన్‌లో స్టీల్ బీమ్ గట్టిగా ఉందని ఇక్కడ కట్టినాం."

మొక్కు రంగమ్మ గారిది. కర్నూలు నుంచి కూతురి కాన్పుకు వచ్చి, ఏడాదికి పైగా ఇక్కడే ఉన్న పెద్దావిడ. మనవడు నెలలు నిండకుండా పుట్టి ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉన్నప్పుడు, బిడ్డ దక్కితే బెల్లంతో తులాభారం ఇస్తానని మొక్కుకున్నారు. ఇప్పుడు వాడు షెల్ఫుల్లోంచి బిస్కెట్ ప్యాకెట్లు లాగి పారేస్తున్నాడు. ఆదివారం మొక్కు, మర్నాడే ఆమె తిరుగు ప్రయాణం. ఈసారి తప్పితే మళ్లీ ఎప్పటికో.

అమ్మకం ఎలా జరుగుతుందని అడిగాను. పిల్లవాడికి సరితూగేదాకా బెల్లం అచ్చులు పళ్లెంలో వేస్తామనీ, తూగినదానికి బిల్లు చేస్తామనీ సుభాషిణి చెప్పింది. చిక్కంతా అక్కడే వచ్చింది. కొన్న సరుకు ఎంతో ఆ తక్కెడే తేలుస్తోందంటే అది వ్యాపారపు తక్కెడే. మొహమాటపడుతూనే సంచీలోంచి నిషేధపు చీటీ తీశాను.

"దేవునికి ఇచ్చేదానికి సర్కారు ముద్ర యాల సామీ?" అన్నారు రంగమ్మ గారు.

పిల్లవాణ్ని కౌంటరు మీది ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, అంత బరువు బెల్లం ఇస్తే పోలేదా అంది సుభాషిణి. ఆవిడ ఒప్పుకోలేదు.

"అది తులాభారం ఎట్లయితాది తల్లీ? బిడ్డ ఒక పక్క, బెల్లం ఒక పక్క ఉండల్ల. దేవుడు సూడల్ల."

ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక నాకు చీటీ అంటించబుద్ధి కాలేదు. అలాగని ఊరుకుంటే ఉద్యోగానికి ద్రోహం. బయటికి వెళ్లి గ్రాహంకు ఫోన్ చేశాను. అంతా విని ఒకటే అడిగాడు: అమ్మకం ఎప్పుడు పూర్తవుతుంది? బిల్లయి సరుకు కొన్నవాళ్లదయ్యాక అన్నాను. అన్నాక నాకే దారి కనిపించింది.

ముందు ముద్ర ఉన్న కాటా మీద తూచి, బిల్లు చేసి, పిల్లవాడి బరువు అంచనాకంటే కాస్త ఎక్కువే బెల్లం అమ్మమన్నాను. ఆ తర్వాత అది రంగమ్మ గారి బెల్లం. దాన్ని ఆవిడ ఏ తక్కెడలో పెట్టుకున్నా మా శాఖకు సంబంధం లేదు. మిగిలినదాన్ని షాపు వెనక్కి తీసుకోకూడదు, అది మళ్లీ వ్యాపారమవుతుంది. మిగిలితే అందరికీ ప్రసాదం పంచుతానన్నారు రంగమ్మ గారు. చీటీ సంచీలోకి వెళ్లింది.

ఆదివారం నేను అతిథిగా వెళ్లాను. పూజారి మంత్రాలు చదువుతుండగా మనవడు పళ్లెంలో కూర్చుని తాళ్లు పట్టి ఊపుతున్నాడు. కొన్న అచ్చులన్నీ అవతలి పళ్లెంలో చేరాయి. అయినా పిల్లవాడి వైపు పైకి లేవలేదు. ఎక్కువే అనుకున్న బెల్లం చాల్లేదు! అమ్మమ్మ వంట మహిమ అని ఎవరో అన్నారు. అందరూ నవ్వుతుంటే సుభాషిణి పక్క బస్తాలోంచి ఒక అచ్చు తీసి గబుక్కున పళ్లెంలో వేయబోయింది. తూకంలో తగ్గితే పైన వేయడం అలవాటైన చెయ్యి అది. నేను నోరు తెరిచేలోపే రంగమ్మ గారు ఆ అమ్మాయి మణికట్టు పట్టుకున్నారు.

"ఆగు తల్లీ! ముందు సర్కారు కాటా మీద పెట్టి బిల్లు చెయ్యి. అంతవరకూ అది నీ బెల్లమే, నాది గాదు."

సుభాషిణి కౌంటరుకు పరుగెత్తింది. బిల్లు వచ్చేదాకా పూజారి మంత్రం సాగదీశాడు. ఆ అచ్చు పడగానే పిల్లవాడు మెల్లగా పైకి లేచాడు. రంగమ్మ గారు చేతులు జోడించి ఏడ్చేశారు.

సోమవారం ఫైలు మీద "చర్య అవసరం లేదు" అని రాశాను. ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేటప్పుడు ఈ కేసే మొదట చెప్పేవాణ్ని. మన అధికారం ఎక్కడ మొదలవుతుందో చట్టం చదివితే తెలుస్తుంది. ఎక్కడ ఆగుతుందో అవతలివాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. అలా చెబితే ఆ గీతను మనకంటే ముందు వాళ్లే కాపాడతారు.